ఏటి ఒడ్డున ఆదివారం

ఆదివారం అనే మాటకు మన ఇళ్లలో రెండు అర్థాలున్నవి. బడికి పోయే పిల్లలకు, కచేరీలకు పోయే ఉద్యోగులకు అది సెలవు. సేద్యం చేసేవారికి, పాడి గల ఇల్లాండ్రకు అది వారంలో మరొక రోజు మాత్రమే. పశువుకు ఆదివారమని తెలియదు, పొయ్యికీ తెలియదు. అయినా ఈ రెండు తెగలవారినీ ఒక్క వసారాలో కూర్చోబెట్టగల ఆదివారం ఒకటి ఉన్నది. అది ముసురు పట్టిన ఆదివారం. నూజివీడు చుట్టుపట్ల మామిడి తోటల సీమలో శ్రావణ భాద్రపదాలు వచ్చినవంటే అటువంటి ఆదివారం ఒకటైనా రాక మానదు.

ఆనాడు తోటలో పని ఉండదు. కాయకోత జ్యేష్ఠంతో ముగిసిపోయినది. పూత మార్గశిర పుష్యాల నాటి మాట. నడుమ ఈ వానకాలం చెట్టుకు విశ్రాంతి, చెట్టును నమ్ముకున్నవానికీ కొంత విశ్రాంతి. వాగు పొర్లి చప్టా మునిగితే బస్సు రాదు. బస్సు రాకపోతే చుట్టమూ రాడు. ఇంటి యజమాని నులకమంచం లోపలికి జరుపుకుంటాడు. ఇల్లాలు జాడీ మూత విప్పి ఆ ఏటి ఆవకాయ తీస్తుంది. పెద్దామె వత్తులు చేసుకుంటూ కూర్చుంటుంది. పిల్లలు నిరుటి నోటుపుస్తకాల కాగితాలతో పడవలు చేసి చూరునీటిలో వదులుతారు. నూజివీడు పనసకర్రతో వీణలు చేసే ఊరు గనుక, ఏ ఇంటినుంచో తీగ సవరించిన చప్పుడు వానలో కలిసి వినవచ్చినా ఆశ్చర్యం లేదు. దూరాన ఏరు హోరుమంటూ ఉంటుంది. "మామ్మా, ఏరు మన ఇంట్లోకి వస్తుందా?" అని అడగని పిల్లవాడు ఉండడు. "రాదురా నాయనా, మనది మెరక కదా" అనని మామ్మా ఉండదు.

పిల్లవాని భయాన్ని పోగొట్టే ఆ మాట పెద్దలు తరతరాలుగా చెబుతున్నదే. అందులో నిజమెంత అన్నది విచారించదగిన విషయం. ఎందుకనగా మెరక అనేది ఎప్పుడూ మరొక పల్లాన్ని బట్టి ఏర్పడుతుంది. తన ఇంటినుంచి జారిపోయిన నీరు మరొకరి ఇంటిని వెదుక్కుంటూ పోతుంది.

ఈ సీమ నైసర్గిక స్వరూపాన్ని ఒకసారి పరికిద్దాము. నూజివీడు మెట్టప్రాంతం. పడమట మైలవరం కొండలు, ఆగ్నేయాన కొల్లేటి పల్లం. ఈ రెంటి నడుమ వాలుగా పరచుకున్న ఎర్రనేల. మామిడి వేరు నీటిని కోరుతుంది గాని నిలువనీటిని ఓర్వదు. కురిసిన వానను కొంత ఇముడ్చుకొని తక్కినది జార్చివేసే నేల దానికి హితం. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ ఈ గడ్డమీద ఇంత పేరు తెచ్చుకొన్నవంటే అందులో ఈ వాలుకూ భాగమున్నది. చెట్టుకు మేలు చేసే ఆ వాలే దిగువనున్న వాడకు ముప్పు తెచ్చేది కూడా. ఒకే గుణం పైన వరంగా, కింద శాపంగా పరిణమించడం ప్రకృతిలో అరుదు కాదు.

వాలు ఉన్నచోట ఏళ్లు పుట్టక తప్పదు. బుడమేరు మైలవరం, కొండపల్లి ప్రాంతపు కొండలలో పుట్టి విజయవాడను ఒరసుకొని కొల్లేటికి పోతుంది. తమ్మిలేరు ఖమ్మం వైపునుంచి దిగి, నాగిరెడ్డిగూడెం జలాశయంలో ఆగి, ఏలూరు పట్టణాన్ని చుట్టుకొని కొల్లేటిలోనే కలుస్తుంది. రామిలేరూ చేరేది కొల్లేటినే. కొల్లేటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. దాని ద్వారానే ఈ నీరంతా బంగాళాఖాతం చేరవలసి ఉన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో నూజివీడు కృష్ణా జిల్లానుంచి ఏలూరు జిల్లాకు మారినది. ఏళ్లకు ఈ మార్పులతో పని లేదు. ఒక జిల్లాలో పుట్టి, రెండో జిల్లాను ముంచి, మూడో జిల్లాలో విశ్రమించడం వాటికి అలవాటు.

ఇక్కడ విద్యార్థులు ఒక భాషా విశేషాన్ని గమనించాలి. పూర్వం తెలుగులో రెండు రేఫలుండేవి. శకటరేఫతో వ్రాసిన 'ఏఱు' నదిని చెప్పేది. సాధురేఫతో వ్రాసిన 'ఏరు' కాడి కట్టిన నాగలిని చెప్పేది. ఏరువాకలోని ఏరు ఈ రెండవది. కాలక్రమాన శకటరేఫ వాడుకనుంచి తొలగి, రెండు మాటలూ ఒకే రూపం దాల్చినవి. మాటలలో జరిగిన ఈ కలయికే నేలమీదా జరిగినది. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండి ఉండే ఏటిలోకి మొదట నాగలి దిగినది. నాగలి వెనుక గట్టు వచ్చినది. గట్టు వెనుక ఇటుక వచ్చినది. ఏటికీ సాగుకూ నడుమనున్న హద్దు అక్షరంలో చెరిగినట్లే భూమిలోనూ చెరిగినది. మనుషులు ఆ హద్దును మరచిపోయారు గాని, నీరు మాత్రం మరచిపోలేదు.

నీటి జ్ఞాపకశక్తి ఎంతటిదో 2024 సంవత్సరంలో తెలుగువారందరూ చూశారు. ఆగస్టు 31 శనివారం. పుబ్బ కార్తె అప్పుడే ప్రవేశించినది. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం కళింగపట్నం సమీపాన తీరం దాటుతుండగా కృష్ణా పరీవాహక ప్రాంతంలో కుంభవృష్టి కురిసినది. విజయవాడ ప్రాంతంలో పలుచోట్ల ఒక్క రోజులోనే 20 సెంటీమీటర్లు మించిన వాన పడినది. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయినవి. ఆ వానకే నూజివీడు పెద్ద చెరువు కట్ట తెగి పట్టణంలోని పల్లపు వాడలు జలమయమైనవి. మెరక సీమలోని మెరక పట్టణమే మునిగినదంటే, మెరక అనే నమ్మకానికి ఎంత బలమున్నదో తెలుస్తూనే ఉన్నది.

మరునాడు సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో సింగునగరం, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మొదలైన వాడలలోకి బుడమేరు ప్రవేశించినది. సెలవునాడు గనుక కుటుంబాలన్నీ ఇళ్లలోనే ఉన్నవి. వీధిలో పాదం మునిగిన నీరు మోకాటికి, మోకాటినుంచి నడుముకు, పలుచోట్ల గడపలు, కిటికీలు దాటి మనిషెత్తుకు పెరిగినది. కింది అంతస్తువారు పైవారి గుమ్మం తట్టారు. అంతవరకు ముఖపరిచయం మాత్రమే ఉన్నవారు ఒకే గదిలో, ఒకే చాపమీద రోజులు గడపవలసి వచ్చినది.

ఇంత నీరు ఎక్కడిదని అడిగేవారికి చిన్న లెక్క చెప్పవచ్చు. ఒక ఎకరం నేలమీద 20 సెంటీమీటర్ల వాన కురిస్తే అది సుమారు 8 లక్షల లీటర్లు. ఒక చదరపు కిలోమీటరు మీదనైతే 20 కోట్ల లీటర్లు. వందల చదరపు కిలోమీటర్ల కొండవాలునుంచి ఈ నీరంతా కొద్ది గంటలలో ఒకే సన్నని దారిని పట్టినప్పుడు ఏరు నదిగా మారిపోతుంది. బడిలో గుణకారం నేర్చిన ప్రతి పిల్లవాడూ ఈ లెక్కను తన ఊరికి కట్టుకోగలడు.

బుడమేరు దారి అసలే చిక్కుదారి. వెలగలేరు వద్ద దానికి అడ్డుగా రెగ్యులేటరు కట్టి, వరదనీటిని ఒక మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. నగరం గుండా పోయే పాత దారికి బరువు తగ్గించడం దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని ఆ కాలువ కృష్ణలో కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. కృష్ణ కూడా అదే వేళకు ఉప్పొంగితే ఆ నీటిని పుచ్చుకునేవారెవరు? సెప్టెంబరు 2 సోమవారం నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్లకు పైబడిన నీరన్నమాట. 1957లో ప్రారంభమైన ఆ బ్యారేజీ అంతటి ప్రవాహాన్ని అంతకు ముందు చూడలేదు. 2009 అక్టోబరు వరదనాటి 11 లక్షల 10 వేల క్యూసెక్కులే అప్పటివరకు పెద్ద లెక్క. ఇంటికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టినట్లు పెద్ద నది చిన్న ఏటిని నిలబెట్టినది. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు గండ్లు పడినవి. వెలగలేరు తలుపులెత్తిన నీరూ, గండ్ల నీరూ కలిసి పాత దారి పట్టినవి. పాత దారిలో అప్పటికి నగరం ఉన్నది.

సైన్యం వారి సాయంతో ఆ గండ్లను పూడ్చి ముగించేసరికి వినాయక చవితి వచ్చినది. అది సెప్టెంబరు 7. అయినా నీరంతా ఒక్కసారిగా తీయలేదు. సింగునగరంలో తగ్గిన నీరు ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ కిందుగా ఉన్న సొరంగాలను దాటి, కొద్ది రోజులకు నందివాడ ప్రాంతపు పల్లెలను చుట్టుకున్నది. నగరానికి ఊరట కలిగిననాడు పల్లెకు కష్టం మొదలైనది. వార్తలలో వరద ముగిసిపోయిన తరువాత కూడా వరదలో ఉండిపోయినవారు వారు.

ఇప్పుడు ఆ ఆదివారపు రెండు ఇళ్లను పక్కపక్కన నిలిపి చూడాలి. ఎగువన మెరకమీది తోట ఇంట కుటుంబమంతా ఒకచోట చేరి వేడివేడి అన్నం తింటున్నది. దిగువన నగరంలోని మేడ మీదా కుటుంబమంతా ఒకచోటనే చేరి ఉన్నది. ఇక్కడా నిశ్శబ్దమే, అక్కడా నిశ్శబ్దమే. ఒకటి కడుపు నిండిన నిశ్శబ్దం. రెండవది విద్యుత్తు పోయి, ఫోను మూగపోయి, చుట్టూ నీరున్నా తాగే నీరు లేక, బిడ్డకు పాలెక్కడినుంచి వస్తవని తల్లి చెవులు రిక్కించిన నిశ్శబ్దం. పడవలమీద పాలపొట్లాలు వచ్చినవి. ఆకాశంలో డ్రోన్లు అన్నపు పొట్లాలు మోసుకొని వచ్చినవి. అవి రాగలిగిన ఇంటికి వచ్చినవి. సందులలో ఉన్న ఇల్లు ఎదురుచూసినది. రెండు ఇళ్లపైనా కురిసినది ఒకే మేఘం. మొదటి ఇంటి చూరునుంచి జారిన నీటిలో రెండవ ఇంటిని ముంచిన నీరు కొంత ఉన్నదో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి తలచుకున్నప్పుడు మొదటి ఇంటి ప్రశాంతత దోషం కాదు గాని, ఋణమని మాత్రం తోచక మానదు.

తెలుగునాట వరదలు కొత్త కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచివేసి వేలమందిని బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. వరద తీసిన తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయన నగరంలో గోడలు ఎత్తు చేయించడంతో సరిపెట్టలేదు. నీరు పుట్టే చోటికి దృష్టి సారించి ఎగువన జలాశయాలు కట్టవలసినదని సూచించాడు. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ముంచిన నీటినే నిలిపి తాగునీటిగా మార్చిన పని అది. పందొమ్మిదేళ్లపాటు ఒక వరదను మరచిపోకుండా ఉండటం చిన్న విషయం కాదు. జలాశయాల గొప్పతనం వాటి రాతికట్టడంలో కొంత ఉన్నది; ఆ మరపు లేనితనంలో ఎక్కువ ఉన్నది.

మనకు సాధారణంగా ఉన్నది దీనికి విరుద్ధమైన గుణం. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య" అని పెద్దలు ఊరకే అనలేదు. "ఏరు దాటి తెప్ప తగలేసినట్లు" అన్నదీ అందుకే. ఒకే గుణం మీద రెండు సామెతలు పుట్టినవంటే ఆ గుణం మనలో ఎంత పాతుకుపోయినదో గ్రహించవచ్చు. బుడమేరు 2005లోనూ విజయవాడను ముంచినది. అప్పుడూ కాలువ వెడల్పు గురించి, ఆక్రమణల గురించి మాటలు సాగినవి. నీరు తీసినది, మాటలూ తీసినవి, ఏటి గట్టున మాత్రం ఇళ్లు పెరిగినవి. ఆ ఇళ్లు కట్టుకున్నవారిలో అధికులు చవకగా దొరికిన చోటు తప్ప మరొకటి కొనలేని కష్టజీవులు. ఏటి చరిత్ర వారికి చెప్పినవారు లేరు. ఆ స్థలం అమ్మినవారు చెప్పరు, అనుమతించినవారు చెప్పవలసినది.

మన పూర్వులు ఈ వాలు నేలమీద నీటిని అదుపు చేయడానికి చేసిన ఉపాయం చెరువు. ఒక చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండేటట్లు వరుసగా కట్టిన గొలుసుకట్టు చెరువులు వాన వేగాన్ని మెట్టు మెట్టుకూ తగ్గించేవి. కట్ట కాపాడటానికి, తూము తెరవడానికి ఊరికొక మనిషి ఉండేవాడు. అతనికి ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరు: నీరుగంటి, నీరటి. జమీందారీల కాలంలో చెరువు మరమ్మతు ఎవరి బాధ్యత అన్న తగవు తీరేది కాదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం తరువాత చెరువులు ప్రభుత్వపరమైనవి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చినది. చట్టాలు మారినా కట్టమీద నడిచి చూసే మనిషి కావలసిన అవసరం మారలేదు. ఎలుక బొరియ, తుమ్మ వేరు, పూడిపోయిన అలుగు, వీటిని వేసవిలోనే కనిపెట్టాలి. వానలో కనిపెట్టేది గండిని మాత్రమే. బోరుబావులు వచ్చిన తరువాత రైతు చెరువుకేసి చూడటం తగ్గినది. చూడని కట్ట బలహీనపడుతుంది. ఊరి చెరువు తెగిననాడు తెగినది మట్టికట్ట ఒక్కటే కాదు. అంతకు చాలాకాలం ముందే తెగిపోయిన సంబంధం ఒకటున్నది.

ఈ సంబంధాన్ని తిరిగి ముడివేయగలవారిలో ఉపాధ్యాయులు అగ్రగణ్యులు. మన పాఠశాలలలో పిల్లలు నైలు నది పొడవు చెప్పగలరు, అమెజాను ఏ ఖండంలో ఉన్నదో చెప్పగలరు. తమ బడి వెనుక వాగు ఎక్కడ పుట్టినదని అడిగితే తెల్లబోతారు. తప్పు పిల్లలది కాదు. వారి పుస్తకంలో ఆ వాగు లేదు. పుస్తకంలో లేనిదానిని బోధించే స్వేచ్ఛ మాత్రం ప్రతి ఉపాధ్యాయునికీ ఉన్నది. ఒక వేసవి చివరి ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని వాగు ఎగువకు రెండు మైళ్లు నడిస్తే చాలు. ఏ చెరువు అలుగు ఈ వాగులోకి దిగుతుందో, ఎక్కడ తూము పూడినదో, ఎక్కడ చప్టా ఇరుకై నీటిని ఆపుతున్నదో వారే కనిపెడతారు. ఊరిలోని వృద్ధులను అడిగి పూర్వపు వరదలలో నీరు ఎంతవరకు వచ్చినదో తెలుసుకొని బడిగోడమీద ఒక గీత గీయించవచ్చు. పక్కన సంవత్సరం వ్రాయించవచ్చు. ఆ గీతకు పెద్ద ఖర్చు లేదు. అది తరతరాలకు చెప్పే పాఠం మాత్రం పెద్దది. రేపు అక్కడ ఇల్లు కట్టదలచినవాడు పునాది ఎంత ఎత్తు లేపాలో ఆ గీతను చూసి తెలుసుకుంటాడు.

విద్యార్థులు తమ ఇంట చేయదగిన పనులూ ఉన్నవి. చదువు పత్రాలను, పుస్తకాలను తడవని సంచిలో కట్టి ఎత్తున ఉంచడం. వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధులెవరో, మంచంపట్టినవారెవరో తెలిసి ఉండటం. హెచ్చరిక వచ్చిననాడు వారి గుమ్మం మొదట తట్టడం. 2024లో ఉపాధ్యాయ దినోత్సవం వరద నడుమనే వచ్చినది. విజయవాడలో ఎన్నో ఇళ్ల పిట్టగోడలమీద ఆ రోజులలో పాఠ్యపుస్తకాలు ఆరినవి. సిరా కరిగిన ఆ పుటలలో చదవగలిగిన పాఠమేమీ మిగలలేదు గాని, ఆ ఆరబోత తానే ఒక పాఠమైనది.

మామిడి చెట్టు నాటినవాడు మొదటి పంటకు కొన్నేళ్లు కాచుకుంటాడు. పూర్తి ఫలం కొడుకులకు, మనుమలకు దక్కుతుందని తెలిసే నీరు పోస్తాడు. ఇంతటి ఓర్పు గల సీమకు చెరువుకట్ట విషయంలో ఓర్పు లేదనడం న్యాయం కాదు. తోటకు కంచె కట్టడం ఒక కుటుంబం పని. ఏటికి దారి విడవడం మాత్రం ఊరు ఊరంతా, ఎగువ ఊరూ దిగువ ఊరూ కలిసి చేయవలసిన పని. ఒక ఇంటి ప్రశాంతత ఆ ఇంటి గోడలలోనే ఉన్నదనుకోవడం పొరపాటు. అది ఎక్కడో ఎగువన, ఎవరూ చూడని వేసవి మధ్యాహ్నం, ఒక మనిషి కట్టమీద నడిచి పూడ్చిన ఎలుక బొరియలో ఉన్నది.